మంటా కాదు, దొంగా కాదు

ఏడుంబావైంది. గోడ గడియారం ఏడూ ఇరవై అంటోంది గానీ అది ఐదు నిమిషాలు ముందుకు పోతోంది. ఆ సంగతి ఈ ఎముకల ఆసుపత్రి గుమ్మంలో కాలు పెట్టగానే కనిపెట్టేశాడు, చేతి గడియారంతో సరిచూసుకుని మరీ. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు మణికట్టు విరిగి నిలబడి ఉంటే, వెధవ కళ్ళు ముందు గోడ మీదికే పోయాయి. ఇప్పుడు ఎక్స్‌రే అయిపోయింది. తీసినతను ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, నేను చెప్పకూడదు గానీ విరిగిందండీ అనేసి లోపలికి పంపాడు. డాక్టరుగారు ఎవరికో కట్టు వేస్తున్నారట, పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నారు. బెంచీ మీద పాప, ఒళ్ళో నర్సు ఇచ్చిన దిండు, దిండు మీద కుడిచెయ్యి. పొంగిన పిండిముద్దలా ఉంది చెయ్యి. దాని వైపు చూడలేకపోతున్నాడు, చూడకుండానూ ఉండలేకపోతున్నాడు. ఏడవడం లేదు పిల్ల. గుక్కపెట్టి ఏడిస్తే బాగుండు, ఎత్తుకుని అటూ ఇటూ తిప్పుతూ ఆ ఏడుపులో తనూ కాస్త దాక్కునేవాడు. అది మాత్రం తను పనిచేసే బస్సు డిపోలో సెలవు చీటీ ఇచ్చి వంతు కోసం చూసే మనిషిలా బుద్ధిగా కూర్చుంది. ఎవరు నేర్పారు దానికి ఆ కూర్చోవడం? ఇంకెవరు నేర్పుతారు.

ఆరున్నర అని చెప్పాడు కౌంటర్లో. ఎప్పుడు పడిందండీ అని కాంపౌండరు తలెత్తకుండా అడిగాడు, ఇతను కూడా తలెత్తకుండానే ఇప్పుడే, ఆరున్నరకి అన్నాడు. నోట్లోంచి అంత నున్నగా ఎలా జారిందో ఆ మాట, సబ్బుముక్కలాగా. కాంపౌండరు చీటీ మీద రాశాడు. పాప వింది. ఒక్కసారి తండ్రి మొహంలోకి చూసి, వెంటనే కాళ్ళ వైపు చూసుకుంది, పెద్దవాళ్ళ మాటల్లో చూడకూడనిదేదో చూసినట్టు. అప్పుడైనా దిద్దుకోవచ్చు. కాదండీ, పావు తక్కువ నాలుగు అంటే సరిపోయేది, రెండు ముక్కలు. దిద్దుకోలేదు. అంతకుముందు వాళ్ళమ్మకి ఫోన్ చేసినప్పుడూ అంతే, ఇప్పుడే పడింది, కంగారు పడకు, మెల్లగా రా అన్నాడు. పైగా మెల్లగా రా. రెండు నుంచి పది దాకా మందుల కంపెనీలో ప్యాకింగ్ దగ్గర నిలబడే మనిషి, పర్మిషన్ అడుక్కుని, గేటు దాకా పరుగెత్తి, బస్సెక్కి ఉంటుంది. ఏ బస్సో కూడా ఇతనికి తెలుసు. ఏడింటికి కంపెనీ గేటు దగ్గరికొచ్చే బస్సు, దాని డ్రైవరు ఎవరో తెలుసు, ఆ డ్యూటీ వేసింది తనే. పొద్దున తన మాటలకి మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది కూడా ఆ డ్రైవరే.

చప్పట్లు. ఆ మాట గుర్తొచ్చేసరికి చెవుల దాకా వేడెక్కింది. ఇవాళ పొద్దుటి సంగతేనా అది, పోయిన జన్మలోదేమో అనిపిస్తోంది. డిపో ట్రైనింగు గదిలో నలభైమంది డ్రైవర్లూ కండక్టర్లూ, మేనేజరు భుజం మీద చెయ్యేసి, మన చార్టాయన ఇంటినీ డ్యూటీనీ ఎలా నెగ్గుకొస్తున్నారో ఆయన నోటనే వినండి అన్నాడు. డిపోలో అందరికీ అతను చార్టాయనే. ఏ బస్సుకి ఎవరు, ఎన్నింటికి ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి, పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాడు, అతని చేతి మీదుగా డ్రైవరు లేక ఆగిన బస్సు ఒక్కటి లేదు. ఇంటికీ ఒక చార్ట్ వేసుకోండి అని మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది చూడండి, మూడున్నర నుంచి ఐదు చార్ట్ పని, తలుపు వేసి ఉంటుంది. ఐదు నుంచి ఐదున్నర నడక. ఐదున్నర నుంచి ఆరున్నర మీ ఫోన్లు, మీ సెలవులు, మీ ఏడుపులు, మళ్ళీ తలుపు వేసే. ఆరున్నర నుంచి ఏడు మా పాప. ఆ అరగంట ఫోను డబ్బాలో పెట్టి మూత పెట్టేస్తాను, ముఖ్యమంత్రి చేసినా ఎత్తను అన్నాడు. నవ్వారు. నవ్వేసరికి ఇంకాస్త ఉబ్బాడు. పన్ను సంగతి కూడా చెప్పాడు, ఎందుకు చెప్పాలి, ఎవరడిగారు. పోయిన నెల పిల్లకి పన్నూడితే నాలుగింటికొచ్చి తలుపు కొట్టింది, లోపల్నుంచే టైమెంతయింది చూడమ్మా అన్నాను, చూసుకుని వెళ్ళిపోయింది, సరిగ్గా ఆరున్నరకి పన్ను కాగితంలో పొట్లం కట్టుకుని తెచ్చింది, అదీ అలవాటంటే అని చెప్పాడు. నలభైమంది చప్పట్లు. అలవాటంటే అదీ. నాలుక తెగి పడుంటే బాగుండేది.

ఆవిడొక్కతే కొట్టలేదు. వచ్చే ఏడు రిటైరయ్యే కండక్టరమ్మ, వెనక వరసలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడ, అంతా అయ్యాక మెల్లిగా అడిగింది. "అంతా బానే ఉంది సారూ, స్పేర్ ఎక్కడ పెట్టారు?" స్పేర్ లేని చార్టుంటుందా? ఏ బస్సూ ఇవ్వకుండా ఇద్దరు డ్రైవర్లని పొద్దున్నించీ ఊరికే రెస్టు గదిలో కూర్చోబెడతాడు ప్రతి రోజూ, ఎవరికి కడుపులో నొప్పొచ్చినా ఎవరింట్లో ఏమైనా వాళ్ళు లేచి బస్సెక్కడానికి. కొత్తగా వచ్చిన గుమాస్తాలకి అతను నేర్పే మొదటి పాఠమే అది, ముందు స్పేర్ రాయి, తర్వాత మిగతాది రాయి. అలాంటి మనిషి సొంత ఇంటికి రాసుకున్న చార్టులో స్పేర్ లేదు. అప్పుడు తట్టిందా? తట్టినా ఒప్పుకునే రకమా? "ఇంట్లో స్పేర్ ఎందుకమ్మా, ఇంట్లో బస్సులు చెడిపోవుగా" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆవిడ మాత్రం, ఏమో సార్, మా ఇంట్లో మనుషులే చెడిపోతుంటారు అని సంచీ భుజానికేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

పోనీ, చార్ట్ వేసుకోవడం తప్పా? ఎందుకు వేసుకున్నాడో ఎవరికి తెలుసు. రెండేళ్ళ కిందట ఇంట్లో ఉన్నా డిపోలో ఉన్నట్టే ఉండేవాడు, అన్నం ముద్ద నోటి దగ్గరా ఫోను చెవి దగ్గరా. పాప బడిలో ఏదో నాటకం వేస్తే వెళ్ళాడు, మధ్యలో ఫోనొస్తే బయటికెళ్ళాడు, తిరిగొచ్చేసరికి తెర దించేశారు. ఆ రోజు వాళ్ళావిడ అరవలేదు, కరవలేదు. మీరు ఇంటికొస్తారు గానీ ఇంట్లో ఉండరు అంది, అంతే. ఆ మాటకి నిద్రపట్టక, కష్టపడి గీత గీసి, రంగులు వేసి తయారుచేశాడు దాన్ని. పాప గడికి పసుపు రంగు. నిజం చెప్పాలంటే ఆ పసుపు గడి బతికించింది అతన్ని. ఆ అరగంట నిఖార్సైన అరగంట. నేల మీద బోర్లా పడుకుని ఇద్దరూ బొమ్మలేసేవాళ్ళు, పాప అతనికి తెలియని లెక్కల కిటుకులు నేర్పేది, అతను దానికి బస్సు హారన్లని బట్టి ఏ రూటు బస్సో చెప్పడం నేర్పాడు. తన తండ్రి తనతో జన్మలో అరగంట కూర్చున్నాడా? ఆ గొప్ప కూడా ఉండేది లోపల. ఎక్కడ చెడింది మరి? గోడ కట్టినప్పుడు ఎంత వెడల్పు తలుపు పెట్టాలో చూసుకున్నాడు గానీ, అవతలున్న పిల్ల చెయ్యి గడియ దాకా అందుతుందో లేదో చూసుకోలేదు.

"నాన్నా."

"ఏంటమ్మా, నొప్పా?"

"ఏడైపోయింది. నువ్వు రేపటి చార్ట్ పంపాలిగా?"

జేబులో ఫోను మూడుసార్లు వణికి ఆగిన సంగతి దానికి కూడా తెలిసినట్టుంది. ఫర్వాలేదమ్మా అన్నాడు. పాప దిండు మీద చెయ్యి కదపకుండా, మెడ మాత్రం ఇటు తిప్పి, "మరి ఇప్పుడు ఎక్కువైంది రేపు నా టైంలోంచి తీసేస్తావా" అని అడిగింది. అడిగిన తీరులో నిష్ఠూరం లేదు, వెటకారం లేదు, రేపు బడి ఉందా అని అడిగినట్టు అడిగింది. ఒకసారి తీసేశాడు కాబట్టి అడిగింది. ఆట మధ్యలో ఆపనని మారాం చేసి పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే, మర్నాడు పది నిమిషాలు తగ్గించాడు, రూలంటే రూలే బంగారం అని ముక్కు పట్టుకుని ఊపి మరీ. తియ్యనమ్మా అన్నాడు ఇప్పుడు. పాప సరే అని తల మళ్ళీ నిటారుగా పెట్టుకుంది.

మెట్ల మీద పడింది. రెండో అంతస్తు దాకా బడి సంచీ మోసుకుంటూ, పై నుంచి మూడో మెట్టు దగ్గర. తాళంచెవి ఎడంచేత్తో తిప్పి లోపలికొచ్చింది. తలుపు చప్పుడు విన్నాడు అతను, వచ్చావా అన్నాడు లోపల్నుంచి. వచ్చా నాన్నా అంది. ఆ గొంతులో ఏదో ఉంది. ఉందని అప్పుడే తెలుసు, అదే కదా ఇప్పుడు ప్రాణం తోడేస్తున్నది. విననివాడైతే చెవిటివాడని సరిపెట్టుకోవచ్చు. విన్నాడు, పెన్ను ఒక్క క్షణం ఆగింది, ఇరవై ఏడో బస్సు మీద ఆగిన పెన్ను, మళ్ళీ కదిలింది. ఇరవై ఏడో బస్సుకి డ్రైవరు దొరికాడు. తలుపవతల పిల్ల ఫ్రిజ్‌లోంచి చల్లనీళ్ళు తీసి తువ్వాలు తడిపి చేతికి చుట్టుకుంది. ఫ్రిజ్ తలుపు మీదే చార్టుంది, నీళ్ళ కోసం తలుపు తీసినప్పుడల్లా అది మొహం మీదికే వచ్చి ఉంటుంది.

ఐదింటికి బయటికొచ్చాడు. అక్కడితో చాలు, ఇంకేం గుర్తు రావద్దు అనుకున్నాడు గానీ, వద్దంటే ఆగుతుందా, అదే ముందుకొచ్చి కూర్చుంటుంది. బల్ల దగ్గర పాప, కుడిచెయ్యి ఒళ్ళో తువ్వాలు కింద, ఎడంచేత్తో నోటుబుక్కులో కోడిగీతలు. "ఎడంచేత్తో ఏంటే, కొత్త ఆటా?" అని నవ్వాడు. ఊరికే నాన్నా అంది. తల నిమిరాడు. వెంట్రుకలు చెమటకి తడిసి నుదుటికంటుకుని ఉన్నాయి. ఆ తడి చేతికంటింది, ఇప్పటికీ ఈ అరచేతిలో ఉన్నట్టే ఉంది. ఫ్యాన్ వేసుకోమ్మా అన్నాడు మహానుభావుడు. గడియారం చూశాడు, ఐదూ రెండు, అప్పటికే రెండు నిమిషాలు ఆలస్యం, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అరగంట నడిచాడు. ఆ అరగంటా పొద్దుటి చప్పట్లే మళ్ళీ మళ్ళీ వింటూ, ఈసారి మాట్లాడమంటే ఇంకేం చెప్పాలో వరస పెట్టుకుంటూ నడిచాడు. ఒళ్ళు తేలిగ్గా ఉంది, గాలి బాగుంది. ఛీ, ఏ మనిషి తను.

ఆ తర్వాత ఫోన్లు. మళ్ళీ తలుపు. ఆరుంబావుకి ఒక డ్రైవరు నసుగుతూ, సార్ పిల్లాడికి జ్వరం, రేపు పొద్దుటి డ్యూటీ ఎలాగో అన్నాడు. "పిల్లాడికి ఒంట్లో బాలేదంటే ఇంకా డ్యూటీ ఏంటయ్యా, పక్కనుండు, స్పేర్‌ని పంపిస్తాలే" అన్నాడు ఇతను, ఎంత పెద్ద మనసుతోనో, గొంతు కాస్త పెంచి. ఎవరు మెచ్చుకోవాలని పెంచాడో. పది అడుగుల దూరంలో బల్ల దగ్గర పాప ఆ మాట విని ఉంటుంది. విని ఏమనుకుంది? ఏమీ అనుకుని ఉండదు, గడియారం చూసి ఇంకో పావుగంట అనుకుని ఉంటుంది. ఆరున్నరకి ఫోను డబ్బాలో పెట్టి, మూత పెట్టి, ఈలవేస్తూ తలుపు తీశాడు. గుమ్మంలోనే నిలబడి ఉంది. తడి తువ్వాలు విప్పి, ఎడంచేత్తో కుడిచేతిని అడుగు నుంచి పట్టుకుని పైకెత్తి, నాన్నా ఇప్పుడు నా టైం కదా, చెయ్యి చూడు అంది. ఎప్పుడే, ఎక్కడే, మరి చెప్పలేదేమే అని అరిచాడు, అవును, అరవడం కూడా అయింది. అప్పుడు చెప్పింది పాప, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. "మంటా కాదు, దొంగా కాదు కదా నాన్నా."

తన మాటే. పన్నూడిన రోజు చెప్పిన మాట. తలుపు ఎప్పుడు కొట్టొచ్చు నాన్నా అని అడిగితే, ఇల్లంటుకుంటే కొట్టు, దొంగొస్తే కొట్టు, ఇంకేదైనా ఆరున్నరకే అన్నాడు నవ్వుతూ. పెద్దవాళ్ళైతే హాస్యం అనుకుంటారు. పిల్ల రూలు అనుకుంది. రూలంటే రూలే అని నేర్పిందెవరు మరి. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పావు తక్కువ మూడు గంటలు ఆ రెండు మాటల్నీ అటూ ఇటూ తిప్పి చూసుకుని ఉంటుంది, ఇది మంటలోకి వస్తుందా, దొంగలోకి వస్తుందా అని. రాదని తేల్చుకుంది. తన ఒళ్ళు చీరేసుకోవాలనిపించింది అతనికి. బెంచీ మీద మాత్రం మర్యాదగా, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చునే ఉన్నాడు, ఎదురుగా మోకాలికి కట్టుతో ఉన్న పెద్దాయన చూస్తున్నాడని.

"రండి" అంది నర్సు.

డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఫిల్ము చూసింది, చెయ్యి చూసింది, గోళ్ళు ఒక్కొక్కటే నొక్కి వదిలి రంగు తిరిగి రావడం చూసింది. చీటీ చూసింది. మళ్ళీ చెయ్యి చూసింది. ఆరున్నరకా పడింది, గంటంబావులో ఇంత వాపేంటి అని తనలో తను అనుకున్నట్టు అంది. వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా తల్లీ అంటే పాప కొంచెం అంది. ఎప్పట్నుంచి అంటే పాప దిండు మీది చేతిని చూసుకుంది. తండ్రి వైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, స్పష్టంగా, "ఆరున్నర నుంచి" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల. అద్దం పగలగొట్టినా తనే వచ్చి చెప్పే పిల్ల. తండ్రి పరువు కాపాడింది. ఎవరూ అడక్కుండా, నేర్పకుండా, కౌంటర్ దగ్గర ఒక్కసారి విన్నది పట్టుకుని. అతనికి తల కొట్టేసినట్టయింది.

"అలాగైతే ఇక్కడ కట్టు కట్టేసి పంపలేను" అంది డాక్టరమ్మ. "ఇంత కొద్దిసేపట్లో ఇంత వాపూ తిమ్మిరీ వచ్చాయంటే లోపల రక్తనాళానికేదో అయ్యుండాలి. పెద్దాసుపత్రికి రాసిస్తాను, ఇప్పుడే తీసుకెళ్ళండి. వాళ్ళు చూసి అవసరమైతే కోస్తారు." కోస్తారు అన్న మాటకి పాప మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు తెరవలేదు. దిండు అంచు ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని తండ్రినే చూస్తోంది, మూసిన తలుపు వైపు చూస్తున్నట్టు, ఎప్పుడు తెరిస్తే అప్పుడు తెరుచుకుంటుందిలే అన్నట్టు. ఇది ఇలాగే చూస్తూ ఆ ఆసుపత్రికీ వస్తుంది, కోసే గదిలోకీ వెళుతుంది, చెప్పదు. తను చెబితే తప్ప చెప్పదు.

"పావు తక్కువ నాలుగు" అన్నాడు.

డాక్టరమ్మ కలం ఆగింది.

"పావు తక్కువ నాలుగుకి పడిందండీ. ఆరున్నరని నేను అబద్ధం చెప్పాను. పాప తప్పేం లేదు, నేను చెప్పిందే అది చెప్పింది."

"ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అప్పుడు?"

ఆ ప్రశ్నలో తప్పించుకోవడానికి ఇంత సందుంది. లేరండీ అంటే సరిపోతుంది, ఎవరొచ్చి చూస్తారు. ఆ సందు అతనికి కనబడింది కూడా, అందుకు మరీ సిగ్గేసింది. ఉన్నానండీ, నేనే ఉన్నాను అన్నాడు. నర్సు అతని వంక చూసి చూపు తిప్పుకుంది. డాక్టరమ్మ చీటీ మీద ఆరున్నర కొట్టేసి పక్కన రాసుకుంది. నాలుగ్గంటల్లో ఇంత వాపూ కొంచెం తిమ్మిరీ మామూలే, గోళ్ళు బానే ఉన్నాయి, పెద్దాసుపత్రి అక్కర్లేదు, పూర్తి కట్టు కాకుండా ఇవాళ్టికి అడుగున మాత్రం పిండికట్టు పలక ఆనించి వదులుగా కడతాను, చెయ్యి ఎత్తిపెట్టి ఉంచండి అంది. వేళ్ళు నల్లబడినా తిమ్మిరి పెరిగినా వెంటనే తీసుకురండి, టైం చూడకండి అని కూడా అంది. ఆవిడ అందరికీ చెప్పే మాటే అయ్యుండాలి అది. అతను తల ఊపుతూనే ఉన్నాడు, ఆవిడ చెప్పడం అయిపోయాక కూడా.

తడి పట్టీలు చుడుతుంటే పాప పళ్ళు బిగించింది, కొత్తగా ఊడిన పన్ను సందు కనిపించింది. అతను వంగి దాని ఎడంచెయ్యి పట్టుకున్నాడు. పాప అతని చెవి దగ్గరికి మూతి పెట్టి, "నాన్నా, నిన్ను తిడతారా" అని అడిగింది. తిట్టాలమ్మా అన్నాడు. అప్పుడేడ్చింది. మధ్యాహ్నం నుంచీ దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది, నొప్పి నాన్నా, చాలా నొప్పి నాన్నా అంటూ, తొమ్మిదేళ్ళ పిల్లలా ఏడ్చింది. చొక్కా భుజం తడిసిపోతుంటే కదలకుండా వంగి నిలబడ్డాడు. జేబులో ఫోను వణికింది. ఒక్కచేత్తో దాన్ని తీసి చూడకుండానే నర్సు బల్ల మీద పెట్టాడు, అది అక్కడే కాసేపు గిలగిల్లాడి ఊరుకుంది.

గది బయట చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ నడక తెలుసు. కంపెనీ టోపీ ఇంకా తల మీదే ఉంది, తియ్యాలని కూడా తోచలేదు కాబోలు, ఒగరుస్తూ గుమ్మంలో నిలబడింది పాప వాళ్ళమ్మ. ముందు కూతుర్ని చూసింది, కట్టు చూసింది, బతికిపోయాన్రా దేవుడా అన్నట్టు గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. ఇప్పుడు అడుగుతుంది. అడిగేదాకా ఆగితే పాపే ముందు నోరు తెరుస్తుంది, తెరిచి మళ్ళీ ఆరున్నరంటుంది, అంత పనీ చేస్తుంది. అతను ఆగలేదు.

"ఆరున్నరకి కాదు" అన్నాడు. "పావు తక్కువ నాలుగుకి పడింది. నేను చూసింది ఆరున్నరకి."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమవడం మొదలయ్యాక కూడా నమ్మకం కుదరక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. టోపీ మెల్లిగా తీసి చేతిలో పట్టుకుంది.

"అంతసేపూ మీరెక్కడున్నారు?"

"తలుపవతల" అన్నాడతను.